నవ్వని హాస్యనటుడు

క్రింద పడుటకు విద్య యేమియు అక్కరలేదని మనమనుకొందుము. నడక నేర్చు పసివాడు పడును. వానకు తడిసిన గట్టుమీద పెద్దవారును పడుదురు. చూచినవారు నవ్వుదురు, పడినవానికి నొప్పియు సిగ్గును మిగులును. కాని పడుటనే వృత్తిగా గైకొని, బాల్యము మొదలు వార్ధక్యము వరకు వేలకొలది పర్యాయములు పడి లేచి, దేశదేశముల ప్రజలను కడుపుబ్బ నవ్వించి, తాను మాత్రము వారి యెదుట నవ్వక నిలిచిన నటుడొకడు అమెరికా దేశమున నుండెను. అతని పేరు బస్టర్ కీటన్.

అతడు 1895 అక్టోబరు 4వ తేదీన కాన్సాస్ రాష్ట్రమందలి పిక్వా అను చిన్న గ్రామమున జన్మించెను. అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. తలిదండ్రులైన జో, మైరా దంపతులు ఊరూర తిరిగి ఆటపాటలతో జనమును చేర్చి మందులమ్ము మేళములో పని చేయుచుండిరి. ఆ మేళము పిక్వాలో దిగియున్న దినములలో కాన్పు జరిగెను గనుక అది అతని జన్మస్థలమయ్యెను. అంతకు మించి ఆ యూరితో అతనికి సంబంధము లేదు. మన సురభి నాటక కుటుంబముల బిడ్డలవలె అతడును తెరచాటున కన్ను తెరచి, తెరముందు నడక నేర్చినవాడు. ఆ కాలపు నటుల పరిభాషలో గట్టిగా పడు పాటునకు బస్టర్ అని పేరు. పసితనమున మెట్లపైనుండి దొర్లిపడియు గాయపడకుండుటచే అతనికి ఆ పేరు వచ్చెనట. పేరు పెట్టినవాడు సుప్రసిద్ధ ఐంద్రజాలికుడు హూడినీయని కీటన్ చెప్పుచుండెడివాడు గాని, చరిత్రకారులు దానిని పూర్తిగా నమ్ముటలేదు.

తలిదండ్రులు మందుల మేళమును విడిచి చేరిన రంగస్థలమునకు వాడెవిల్ అని పేరు. ఈ మాట మీకు క్రొత్తది కావచ్చును. పందొమ్మిదవ శతాబ్దము చివరినుండి సుమారు 1930 వరకు అమెరికాలో సామాన్య ప్రజలకు ముఖ్యమైన వినోదము వాడెవిల్ ప్రదర్శనమే. అందు కథ యుండదు. ఒకే టిక్కెట్టుపై ఒకే పూట ఎనిమిదియో తొమ్మిదియో వేర్వేరు అంశములు వరుసగా జరుగును. ఒకరు పాడుదురు, ఒకరు బంతు లెగురవేయుదురు, ఒకరు కుక్కలచే ఆటలాడింతురు, మరియొకరు హాస్యము చేయుదురు. ఒక్కొక్కరికి పది పదునైదు నిమిషములకు మించి వ్యవధి లేదు. ఆ కొద్దిపాటి వ్యవధిలోనే జనమును మెప్పింపవలెను. మెప్పింపనిచో మరునాడు ఆ మేళమునకు చోటుండదు. ఒక వారము ఒక నగరము, మరు వారము మరియొక నగరము. ఒకే అంశమును సంవత్సరముల తరబడి ప్రతిదినము చేయుదురు గనుక, ఏ క్షణమున తల త్రిప్పిన జనము నవ్వుదురో, ఏ క్షణమున ఆగిన ఇంకను గట్టిగా నవ్వుదురో వారికి కరతలామలకము. ఆ రంగమునకు దోషములును లేకపోలేదు. ఐర్లండువారిని, నల్లజాతివారిని ఎగతాళి చేయు వేషములు అచట సర్వసామాన్యము. కీటన్ చిత్రములలోను ఆ జాడలు అక్కడక్కడ కనబడును.

బస్టర్‌కు సుమారు ఐదేండ్ల ప్రాయము వచ్చునప్పటికి తలిదండ్రులు అతనిని తమ అంశములో చేర్చుకొనిరి. ముగ్గురు కీటన్లు అని దానికి పేరు పెట్టిరి. తండ్రికిని కొడుకునకును ఒకే వేషము: బట్టతల టోపరము, ఎఱ్ఱని గడ్డము, కాళ్లకు మించిన జోళ్లు. కొడుకు అల్లరి చేయును. తండ్రి వానికి బుద్ధి చెప్పబూనును. చెప్పుట యెట్లనగా, వానిని ఎత్తి గిరవాటు వేయుటయే. బాలుడు పోయి వెనుక తెరపై పడును. ఒక్కొక్కప్పుడు వేదిక ముందు వాద్యగాండ్రు కూర్చుండు పల్లములో పడును. విసరుటకు పట్టు చిక్కవలెనని అతని చొక్కాకు వీపున సూట్‌కేసు పిడి నొకదానిని కుట్టియుంచిరి. ఇంతలో తల్లి ఒక ప్రక్క నిలిచి, ఏమియు జరుగనట్లు సాక్సఫోను వాయించుచుండెడిది.

ఈ మాటలు చదువునప్పుడు నవ్వు వచ్చునో జాలి కలుగునో మీరే చూచుకొనుడు. ఆ కాలమునను జనులు ఈ విషయమున రెండుగా చీలియుండిరి. బాలలను హింసనుండి కాపాడుటకై న్యూయార్కు నగరమున నెలకొన్న సంఘమువారు కీటన్ కుటుంబమును వెంటాడిరి. బాలుని వేషము విప్పించి, దెబ్బలున్నవేమోయని శరీరము పరీక్షించిరి. గాయమేమియు కనబడలేదు. అయినను బాలలచే అట్టి విన్యాసములు చేయించుట చట్టవిరుద్ధమని కొంతకాలము ఆ నగరమున వారి ఆట నాపించిరి. తండ్రియు తక్కువవాడు కాడు. కొడుకు వయస్సును పెంచి చెప్పెడివాడు. ఒక్కొక్కచోట వాడు బాలుడే కాడు, మరుగుజ్జు మనుష్యుడని నమ్మించెడివాడు.

కీటన్ మాత్రము కడవరకును తన్నెవరును హింసింపలేదనియే చెప్పెను. పడుటలో నొక ఒడుపు కలదు. నేల తగులుటకు ముందే చేతినో పాదమునో ఆనించి వేగమును విరువవలెను. శరీరమును బిగపట్టక, నిద్రించు పిల్లి శరీరమువలె వదలివేయవలెను. ఈ విద్యను అతడు అక్షరములకంటె ముందే నేర్చెను. అక్షరములనో, తల్లియే నేర్పెను. ఊరూర తిరుగువానికి బడి యెక్కడిది? సంఘమువారి పరీక్షలో దెబ్బలు కనబడకపోవుట నిజమే గాని, బడి లేకపోవుట మాత్రము నా దృష్టిలో చిన్న నష్టము కాదు. అంత సూక్ష్మబుద్ధి గలవాడు పెద్దయైన పిదప వ్యాపార పత్రములపై సంతకములు చేయుటలో పలుమారులు మోసపోవుటకు అదియు నొక కారణమేమో.

నవ్వకుండుటయు అతడు వేదికపైననే నేర్చెను. పడిన పిదప తాను నవ్విన దినమున జనము తక్కువగా నవ్విరి. ముఖమును కదలింపక చూచిన దినమున ఎక్కువగా నవ్విరి. బాలుడు దీనిని గ్రహించెను. తండ్రియు, కొడుకు ముఖమున చిరునవ్వు తొంగిచూచినచో వెంటనే హెచ్చరించెడివాడు. బడిలో ఆడుకొనుచు పడిన పిల్లవానిని నేననేక పర్యాయములు చూచితిని. వాడు ఏడ్చుటకు ముందు ఒక్క క్షణము చుట్టును చూచును. కీటన్ ముఖము ఆ ఒక్క క్షణమున నిలిచిపోయిన ముఖము. తరువాతి కాలమున పత్రికలవారు దానికి రాతిముఖమని పేరు పెట్టిరి. కాని శ్రద్ధగా చూచినవారికి ఆ పెద్ద కన్నులలో భయమును, ఆలోచనయు, ఆశయు ఒకదాని వెంట నొకటి కదలుట తెలియును.

బాలుడు పెరిగి యువకుడయ్యెను, బరువెక్కెను. తండ్రికి వయస్సు మీరెను. దానికి తోడు మద్యపానము ముదిరెను. విసరువానికి చేయి తూలిన పక్షమున, ఎగురువాని మెడకే ముప్పు. రెప్పపాటు కాలముపై నాధారపడిన ఆటలో త్రాగినవానికి చోటు లేదు. తల్లియు కొడుకును ఆలోచించుకొని 1917లో ఆ మేళమునకు స్వస్తి చెప్పిరి. ఇరువది యొక్క యేండ్ల బస్టర్ ఒంటరిగా న్యూయార్కు చేరెను. అక్కడ నొక పెద్ద నాటకశాలలో వారమునకు 250 డాలర్ల జీతముపై కొలువు కుదిరెను.

ఆ కొలువులో చేరుటకు ముందే అతని జీవితము మలుపు తిరిగెను. రాస్కో ఆర్బకుల్ అను స్థూలకాయుడైన హాస్యనటుడు చలనచిత్రములు తీయుచుండగా కీటన్ చూడబోయెను. నటనకంటె ముందు అతనిని ఆకర్షించినది కెమెరా. దానిని బసకు తీసికొనిపోయి, భాగములు ఊడదీసి, తిరిగి అమర్చి, అది పని చేయు విధమును తెలిసికొనెనని చెప్పుదురు. 250 డాలర్ల నాటకపు కొలువును విడిచి, వారమునకు 40 డాలర్లకు ఆర్బకుల్ వద్ద చేరెను. ఆ సంవత్సరమే అతని మొదటి చిత్రము వెలువడెను. 1918లో సైన్యమున చేరి ఫ్రాన్సునకు పోయి, చెవిలో చీము పట్టుటచే వినికిడి కొంత కోల్పోయి తిరిగి వచ్చెను.

1920 నుండి కీటన్ తన సొంత చిత్రములు తీసెను. మూడేండ్లలో పందొమ్మిది చిన్న చిత్రములు, తరువాత 1928 వరకు పది పెద్ద చిత్రములు. అవి మాటలు లేని చిత్రములు. అతడు ధరించు చదునైన టోపీ కూడ స్వహస్తములతో చేసికొన్నదే. మామూలు టోపీని కత్తిరించి, పంచదార నీటితో గట్టిపరచెడివాడు.

వానిలో 1921 నాటి 'ది ప్లేహౌస్' అను చిన్న చిత్రమును గురించి చెప్పక తప్పదు. అది వాడెవిల్ శాలకు అతడు చెల్లించిన ఋణము. కథానాయకుడు టిక్కెట్టు కొని లోనికి పోవును. వేదికపై నున్నవాడు కీటన్, వాద్యగాండ్రందరును కీటన్లే, ప్రేక్షకులలో ముసలి దంపతులును, అల్లరిపిల్లవాడును, వాని తల్లియు కీటనే. ఒక చోట తొమ్మిదిమంది కీటన్లు ఏకకాలమున వరుసగా నిలిచి ఆడుదురు. నేడైనచో యంత్రములు దీనిని సులభముగా చేయును. ఆనాడు కెమెరామాన్ ఎల్గిన్ లెస్లీ చేతితో కెమెరాను త్రిప్పెను. కటకము ముందు తొమ్మిది సన్నని తలుపుల పెట్టె నమర్చి, ఒక తలుపు మాత్రము తెరచి ఒక కీటన్‌ను చిత్రించి, ఫిలుమును వెనుకకు త్రిప్పి, మరియొక తలుపు తెరచి మరల చిత్రించి, అట్లు తొమ్మిది మారులు చేసిరి. త్రిప్పు వేగము ఏ మారు తప్పినను శ్రమయంతయు వ్యర్థమే. అంతకుముందు ఒక చిత్రములో కీటన్ కాలు విరుగుటచే, పడుటయు దూకుటయు తగ్గించి ఈ ఉపాయము పన్నిరి.

వేదికపైని కిటుకు తెరపై నెట్లు పెరిగెనో మరియొక నిదర్శనము చూపెదను. నాటకశాలలో ఇంటి గోడలుగా నిలుపు చట్రములు గుడ్డతోను సన్నని చెక్కతోను చేసినవి, తేలికవి. 1919లో ఆర్బకుల్‌తో నటించిన చిత్రములో అట్టి గోడ యొకటి ఆర్బకుల్‌పై కూలును. కిటికీ రంధ్రము అతనికి సరిగా పట్టుటచే దెబ్బ తగులదు. 1920లో కీటన్ తన చిత్రమున దీనినే మరల వాడెను. 1928లో వెలువడిన 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' తీయునప్పుడు గాలివాన దృశ్యమునకు ఆ కిటుకే జ్ఞప్తికి వచ్చెను. కాని ఈ మారు గోడ గుడ్డది కాదు. రమారమి రెండు టన్నుల బరువు గల ఇంటి ముందుభాగము. పెనుగాలిలో ఎగిరిపోకుండుటకు బరువు కావలసివచ్చెను. కీటన్ నిలువవలసిన చోటును నేలపై గుర్తించిరి. కిటికీకిని అతని దేహమునకును నడుమ ఎడము కొద్ది అంగుళములే. గోడ కూలెను. కీటన్ కదలక నిలిచెను. దుమ్ము చెలరేగెను, కిటికీ చట్రము నడుమ అతడట్లే నిలిచియుండెను. గోడ కూలు క్షణమున అక్కడివారిలో కొందరు చూడజాలక ముఖము త్రిప్పుకొనిరట. రెండవ మారు చిత్రించుట కవకాశము లేదు. గోడ ఒక్కటియే, మనిషియు ఒక్కడే.

అన్ని మారులు అంత అదృష్టము లేదు. 1924లో 'షెర్లాక్ జూనియర్' తీయునప్పుడు రైలు పెట్టెల మీదుగా పరుగెత్తి, ఇంజనులకు నీరు పోయు తొట్టి గొట్టమును పట్టుకొని వ్రేలాడెను. నీటి ధార ఊహింపని వేగముతో మీద పడి అతనిని పట్టాలపై పడవైచెను. కొలదిరోజులు తలనొప్పిగా నుండెను; అంతే ననుకొనెను. అనేక సంవత్సరముల తరువాత మరియొక కారణమున వైద్యుడు ఎక్స్‌రే తీయించినప్పుడు, ఎప్పుడో మెడయెముక విరిగి తనంత తాను అతుకుకొన్న జాడ కనబడెను.

1926లో తీసిన 'ది జనరల్' అతనికి అన్నింటికంటె ప్రీతిపాత్రమైనది. అమెరికా అంతర్యుద్ధములో 1862లో జరిగిన రైలింజను అపహరణమే దానికి మూలము. ఒరెగాన్ రాష్ట్రమున కాటేజ్ గ్రోవ్ సమీపమున చిత్రీకరణము జరిగెను. మండుచున్న వంతెనపై నిజమైన ఇంజనును నడిపించి, వంతెనతోగూడ ఏటిలో కూల్చిరి. ఆ యొక్క దృశ్యమునకు సుమారు 42,000 డాలర్లు వ్యయమైనవని చెప్పుదురు. ఇంజను శిథిలములు రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇనుమునకై ఎత్తబడువరకు ఆ యేటిలోనే పడియుండెను. కథానాయకుడు బానిసత్వమును నిలుపగోరిన దక్షిణ పక్షమువాడు. ఆ పక్షము న్యాయమైనదా యను ప్రశ్నను చిత్రము పట్టించుకొనలేదు. అది లోపమే. కాని ఆనాడు చిత్రము విఫలమగుటకు కారణము అది కాదు. హాస్యమునకు ఇంత ఖర్చేలనని కొందరు, నవ్వు చాలలేదని కొందరు పెదవి విరిచిరి. పెట్టిన ధనము తిరిగి రాలేదు.

ఆ నష్టము అతని స్వాతంత్ర్యమును హరించెను. 1928లో కీటన్ సొంత చిత్రశాల మూతపడెను, ఎమ్.జి.ఎమ్. అను గొప్ప సంస్థలో జీతగాడయ్యెను. వలదని చార్లీ చాప్లిన్ వంటివారు హెచ్చరించిరి, అతడు వినలేదు. అంతకుముందు అతని పని వాడెవిల్ పద్ధతినే సాగెడిది: ఆరంభమును, ముగింపును నిర్ణయించుకొని, నడుమ భాగమును ఆ స్థలమున, ఆ క్షణమున కల్పించుట. క్రొత్తచోట ప్రతి కదలికయు ముందుగా వ్రాయబడవలెను. అపాయకరమైన విన్యాసములు చేయరాదు. ఇంతలో మాటలాడు చిత్రములు వచ్చెను. వానిలో కీటన్ చిత్రములకు ధనము బాగుగనే వచ్చెను. కాని అవి అతనివి కావు. తండ్రిని నాశనము చేసిన మద్యమే కొడుకునకును ప్రాప్తించెను. 1932లో భార్య నటాలీ విడాకులు పొంది, కుమారుల నిరువురను తనతో తీసికొనిపోయి, వారి యింటిపేరును సైతము మార్పించెను. 1933లో సంస్థవారు కొలువునుండి తొలగించిరి. అతనిని పెంచిన వాడెవిల్ కూడ అదే కాలమున అంతరించెను. ఆ కళకు పట్టుగొమ్మయైన న్యూయార్కు ప్యాలెస్ శాల 1932 నవంబరులో కేవలము సినిమాశాలగా మారెను.

తరువాతి కొన్ని యేండ్లు చెప్పదగినవి కావు. వైద్యశాలలలో చేరుట, వెలువడుట, తిరిగి త్రాగుట. తుదకు మనస్సు నిలుపుకొని, మునుపు తన్ను వెళ్లగొట్టిన ఆ సంస్థలోనే వారమునకు 100 డాలర్లకు, ఇతర నటుల చిత్రములకు హాస్యఘట్టములు కల్పించియిచ్చు చిన్న ఉద్యోగమున చేరెను. 1940లో ఎలినార్ నోరిస్ అను నర్తకిని వివాహమాడెను. వయస్సున ఆమె ఎంతో చిన్నది. నిలువదని పలువు రనుకొన్న ఆ దాంపత్యము కడవరకు నిలిచెను.

1947లో పారిస్ నగరమందలి మెద్రానో సర్కసువారు కీటన్‌ను ఆహ్వానించిరి. ఏబది రెండేండ్ల ప్రాయమున అతడు మరల ప్రత్యక్ష ప్రేక్షకుల యెదుట నిలిచెను. తాను 1929 నాటి చిత్రములో చేసిన ఘట్టమునే, స్పృహ లేని భార్యను మంచముపై పరుండబెట్టుటకు ఒక భర్త పడు పాట్లను, ఎలినార్‌తో కలిసి ప్రదర్శించెను. మాట లక్కరలేని ఆట గనుక భాష తెలియని జనమును విరగబడి నవ్విరి. 1949లో జేమ్స్ ఏజీ అను విమర్శకుడు లైఫ్ పత్రికలో మూగచిత్రముల హాస్యమును గూర్చి గొప్ప వ్యాసము వ్రాసెను. మరచిన జనులకు కీటన్ మరల జ్ఞప్తికి వచ్చెను. అతడు పూర్వము నివసించిన భవనములో నుండిన పాత చిత్రముల ప్రతులు, ఆ యింటిని తరువాత కొనిన నటుడు జేమ్స్ మేసన్‌కు దొరకినవి. నశించినవనుకొన్న చిత్రములు కొన్ని ఈ విధమున బయటపడినవి.

1952లో చాప్లిన్ తన 'లైమ్‌లైట్' చిత్రములో కీటన్‌ను పిలిపించెను. చాప్లిన్ కూడ ఇంగ్లండు దేశపు అట్టి వినోదశాలలలో పెరిగి, అమెరికా వాడెవిల్ వేదికలపై తిరిగినవాడే. ఈ చిత్రములో వారిరువురును కాలము చెల్లిన ముసలి విదూషకులు. చాప్లిన్ ఫిడేలు వాయించును. కీటన్ పియానో ముందు కూర్చుండును. సంగీతపు కాగితములు ఒకటొకటిగా జారి ఒడిలో పడుచుండగా, కీటన్ వానిని పట్టుటకు చేయు ప్రయత్నము తప్ప ఆ ఘట్టములో అతనికి పెద్ద పని లేదు. ముఖము కదలదు. మీకు అవకాశము కలిగినచో ఆ కాగితములను చూడుడు. ఐదేండ్ల ప్రాయమున నేర్చినది అచట నున్నది.

1960లో హాలీవుడ్ అకాడమీవారు గౌరవ పురస్కారమిచ్చిరి. 1964లో కెనడా ప్రభుత్వ చిత్రసంస్థవారు అతనిచే 'ది రైల్‌రాడర్' అను చిన్న చిత్రము తీయించిరి. పట్టాలపై నడచు చిన్న మోటారు బండిలో ఒక వృద్ధుడు ఆ దేశమును ఒక సముద్రమునుండి మరియొక సముద్రమునకు దాటుటయే కథ. ఒకచోట బండి ఎత్తైన వంతెనను దాటవలెను. అప్పుడు వృద్ధుడు విప్పిన పెద్ద దేశపటము గాలికి అతనినే చుట్టుకొని కన్నులు కప్పివేయవలెనని కీటన్ కల్పన. అది ప్రమాదమని దర్శకుడు జంకి, మార్పు సూచించెను. కీటన్ చిన్నబుచ్చుకొనెను. అరువది తొమ్మిదేండ్ల వృద్ధుడు, దగ్గుచు, అందు ప్రమాదమేమియు లేదని, ఇట్టివి చిన్నతనమునుండి చేయుచునే యున్నాననియు వాదించెను. మరునాడు అతడు కోరిన విధముననే దానిని చిత్రించిరి. దేశపటములో చిక్కుకొన్న మనిషితో ఆ చిన్న బండి వంతెనను దాటెను.

1965లో వెనిస్ చిత్రోత్సవమున సభికులందరును లేచి నిలిచి చాలసేపు చప్పట్లు కొట్టిరి. 1966 ఫిబ్రవరి 1వ తేదీన కీటన్ కాలిఫోర్నియాలోని తన యింట ఊపిరితిత్తుల క్యాన్సరుచే మరణించెను. వ్యాధి యేదియో అతనికి తెలియనీయలేదు. ముందటి దినమున లేచి కూర్చుండి మిత్రులతో పేకాడెను.